టిక్కెట్టు లేని నటన

తెరమీద సూర్యకాంతం గారిని చూసి పళ్ళు కొరకని వాళ్ళు తెలుగునాట ఉండి ఉండరు. ఆ గయ్యాళి అత్త దెబ్బకి ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడమే మానేశారు జనం! తీరా ఆవిడతో పనిచేసిన వాళ్ళనడిగితే, ఇంటినుంచి వంటకాలు తెచ్చి షూటింగులో అందరికీ కొసరి కొసరి పెట్టే చల్లని తల్లి అంటారు. ఇందులో మోసమేం లేదు. మనం టిక్కెట్టు కొన్నాం, ఆవిడ నటించారు. లెక్క సరి!

ఇప్పుడీ ప్రస్తావన దేనికంటారా? పోయిన ఆదివారం మా మేనల్లుడు మొహం మాడ్చుకుని వచ్చాడు. టీవీలో రాజకీయాలు వాయించే ఒకాయన మాటమీద ప్రాణస్నేహితుడితో తగువు పెట్టుకున్నాడట. మాటల్లేవట.

"ఆయనకి అబద్ధమాడాల్సిన ఖర్మేంటి మావయ్యా? కళ్ళల్లోనే నిజాయితీ కనపడుతుంది" అన్నాడు.

కళ్ళని చూసి తీర్పు చెప్పేస్తే మన రాజనాల గారికి ఎప్పుడో యావజ్జీవం పడాలి కదండీ!

వాడికో సినిమా కథ చెప్పాను. 1957లో ఎలియా కజాన్ తీసిన 'ఎ ఫేస్ ఇన్ ది క్రౌడ్'. జైల్లో పాటలు పాడుకునే ఓ దేశదిమ్మరి రేడియోకెక్కి, టీవీకెక్కి, చివరికి రాజకీయ నాయకులకే పాఠాలు చెప్పే స్థాయికొస్తాడు. ఓ రోజు ప్రోగ్రాం అయిపోయింది, మైకు ఆగిపోయిందనుకుని చూసేవాళ్ళని నానా మాటలంటాడు. ఆయన్ని పైకి తెచ్చిన అమ్మాయే కంట్రోల్ రూములో మీట పైకి లేపుతుంది. దేశమంతా వింటుంది... అంతే, హీరో జీరో!

"అది సినిమా" అన్నాడు మావాడు.

నిజంగానూ జరిగింది బాబూ! 2020 నవంబరు అమెరికా ఎన్నికల్లో ట్రంప్ ఓడిపోయాడు. ఓట్ల మెషీన్లు తయారుచేసే డొమినియన్ కంపెనీయే దగా చేసిందన్న ఆరోపణలు ఫాక్స్ న్యూస్‌లో ప్రసారమయ్యాయి. కంపెనీ కోర్టుకెక్కింది. 2023లో ఆ చానెల్ వాళ్ళ సొంత ఫోను మెసేజీలు బయటపడ్డాయి. అక్కడ లేచిన మీట అదే! ఆరోపణలు చేస్తున్న లాయరమ్మ అబద్ధాలాడుతోందని లోపల లోపల రాసుకున్నారు. చానెల్‌కే పెద్ద స్టారైన టక్కర్ కార్ల్‌సన్, ట్రంప్ అంటే తనకి గాఢమైన ద్వేషమని 2021 జనవరి 4న రాశాడు. ట్రంప్ మాటల్లో నిజమెంతో తేల్చి చెప్పిన తన చానెల్ రిపోర్టరునే ఉద్యోగంలోంచి తీసెయ్యమన్నాడు. కారణం? కంపెనీ షేరు ధర పడిపోతోందట!

2023 ఏప్రిల్‌లో ఫాక్స్ 78 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. వారం తిరక్కుండా కార్ల్‌సన్ ఆ చానెల్ వదిలాడు. కథ కంచికి చేరిందా? లేదు! 2024 జులైలో మిల్వాకీలో జరిగిన పార్టీ మహాసభలో అదే కార్ల్‌సన్ వేదికెక్కి అదే ట్రంప్‌ని ఆకాశానికెత్తేశాడు. సినిమాలో హీరో పతనమయ్యాడు. నిజజీవితంలో రెండో ఇన్నింగ్స్ మొదలెట్టాడు!

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. 2020 నవంబరులో ఈ కార్ల్‌సనే ఆ లాయరమ్మని ఆధారాలు చూపించమని టీవీలోనే నిలదీశాడు. అప్పుడు అభిమానులు ఆయన మీదే విరుచుకుపడ్డారు. అంటే వాళ్ళని ఆడించింది పార్టీ ఒక్కటే కాదు, మన ఈలలు కూడా! హీరో ఓడిపోతే తెర చింపేస్తామనే జనానికి ఓడిపోయే సీను ఎవడు చూపిస్తాడు చెప్పండి?

"అయితే మనవాళ్ళూ అంతేనా?" అడిగాడు మేనల్లుడు.

"వాళ్ళ మనసులో ఏముందో నాకేం తెలుసురా? ఒక్కటి గమనించు. సొంత పక్షం తప్పు చేసినప్పుడు మీ ఆయన నోరు విప్పాడా? విప్పిననాడు నువ్వు చప్పట్లు కొట్టావా, చానెల్ మార్చావా?"

మాట్లాడలేదు.

ద్వేషించిన వాళ్ళూ, ద్వేషానికి గురైన వాళ్ళూ ఒకే వేదిక మీద కలిసిపోయారు. మధ్యలో మాటలు మానేసింది మావాడూ, వాడి స్నేహితుడూ! సూర్యకాంతం గారు మన దగ్గర టిక్కెట్టు డబ్బులే తీసుకున్నారు. వీళ్ళు స్నేహితుల్నే పట్టుకుపోతున్నారు.

మావాడింకా ఫోన్ చెయ్యలేదు. చేస్తాడనే నా ఆశ. ఉంటాను మరి!