గింజా, తడీ

ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధి వచ్చినదంటే లోకం రెండు మాటలంటుంది. వంశంలోనే ఉన్నదని ఒకరు, తల్లి పెంపకం సరిగా లేదని ఇంకొకరు. ఈ మాటలలో నిజమెంతో ఈ నెల విచారిద్దాము.

స్కాట్లండులో ఒక కుటుంబాన్ని తరతరాలుగా మనోవ్యాధులు పీడించాయి. వారిలో తెగిపోయి ఉన్న ఒక జన్యువుకు పరిశోధకులు 2000లో డిస్క్-1 అని పేరు పెట్టారు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు అకిరా సావా బృందం, లోపమున్న ఆ జన్యువును చేర్చిన చిట్టెలుకలను ఎదిగే వయసులో 3 వారాలు ఒంటరిగా ఉంచింది. ఫలితాలు 2013లో వెలువడినవి. లోపమున్నా తోటివాటితో పెరిగినవి బాగానే ఉన్నవి. లోపం లేనివి ఒంటరితనాన్ని తట్టుకున్నవి. రెండూ కలిసిన వాటికే నడవడి చెడినది, మెదడు ముందుభాగంలో డోపమిన్ తగ్గినది. ఒత్తిడి సమయంలో శరీరంలో ఊరే హార్మోను పనిని మందుతో అడ్డగిస్తే ఆ మార్పులు సర్దుకున్నవి.

ఎలుక మనిషి కాదు. ఆ మందు మన రోగులకు పనికివస్తుందని దీనినిబట్టి అనుకోరాదు. అయినా మనకు తెలిసేది ఒకటున్నది. తడి లేక గింజ మొలవదు, గింజ లేక తడి మొలిపించదు.

కనుక తల్లిని ఆడిపోసుకోవద్దు. ఆ ఇంటి పిల్లల సంబంధాలకు అడ్డుపుల్ల వేయవద్దు. పదహారేళ్ల పిల్లవాడు నలుగురిలో కలవక మూల గదిలో ముడుచుకుంటే పొగరని కసరవద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడండి, ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి.