షెడ్డులో వేస్తామని బెదిరించే షరీఫులకు

"చదవకపోతే షెడ్డులో వేస్తా!"

మన ఇళ్ళలో ఈ మాట వినకుండా పెరిగిన పిల్లాడు ఉన్నాడా? షెడ్డు అంటే మెకానిక్ షెడ్డు. జైలు పేరు చెప్పినట్టు చెబుతాం. ఆ షెడ్డులో ఉన్నది ఎవరు? మన చాచా. మన మామూ కొడుకు. వాళ్ళింటి దావత్‌కు వెళ్ళి కడుపు నిండా బిర్యానీ తింటాం, ఇంటికొచ్చి కొడుకు మార్కులు చూసి మళ్ళీ అదే ధమ్కీ. చదువు కావాలి, కాదన్నది ఎవరు? కాని చదువు గొప్పదని చెప్పడానికి మెహనత్ చేసే చేతిని తక్కువ చేయాలా?

2006 నాటి సచార్ కమిటీ నివేదిక తీసి చూడండి. ముస్లిములు ఎక్కువగా కనిపించే పనుల్లో మోటారు బళ్ళ అమ్మకం, మరమ్మతు కూడా ఉన్నాయి. అంటే ఊరి బళ్ళన్నీ మనవాళ్ళ చేతుల మీదుగా నడుస్తాయి. మన బండి బానెట్ తీయడానికి మాత్రం మనకు షరమ్. ఇంటి ముందు పానా పట్టుకుని కూర్చుంటే మొహల్లా ఏమనుకుంటుంది? లోగ్ క్యా కహేంగే? రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి జల్సాల్లో వింటాం, సుబ్‌హానల్లాహ్ అంటాం. బయటికొచ్చాక టైరు పంచరైతే చొక్కా నలగకుండా నిలబడి ఫోను తీస్తాం.

నేనిక్కడ మాట్లాడుతున్నది పాత కార్ల గురించి. కొత్త కార్ల గురించి కాదు. కొత్తవాటిలో సగం కంప్యూటరే, వారంటీ కాగితం చేతులు కట్టేస్తుంది. మన గల్లీల్లో ఇంకా కనబడే మారుతి 800 లాంటివాటి సంగతి వేరు. 1983 డిసెంబరు 14న మొదటి బండి చాబీని ఇందిరాగాంధీ అందజేసింది. 2010లో కాలుష్య నిబంధనలు మారాక హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో అమ్మకం ఆపేశారు. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కంటికి కనబడుతుంది. చెయ్యి దూరే జాగా ఉంటుంది. ఇంట్లో పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మదరసా నాకు తెలియదు. నాది 2007 మోడల్. నూనె మార్చడం నుంచి బ్యాటరీ వరకు ఇంటి ముందే చేసుకుంటాను. ఎదురింటి జనాబ్ బాల్కనీలోంచి చూస్తూ "ఏం భాయ్, హాలత్ బాగాలేదా?" అని అడిగాడోసారి. బాగానే ఉంది జనాబ్, అల్‌హందులిల్లాహ్. కిస్తీలు లేవు కదా, అందుకే బాగుంది.

అసలు కిస్తీల లెక్కే చూద్దాం. ఐదు లక్షల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్ళ గడువు. నెలకు 8,170 రూపాయల చిల్లర. ఏడేళ్ళకు కట్టేది 6 లక్షల 86 వేలు. అంటే లక్షా 86 వేలు వట్టి సూద్. సూద్ ఇవ్వడం తీసుకోవడం గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. జుమా ఖుత్బాలో తల ఊపి, శనివారం షోరూముకు వెళ్ళే మనుషులం. ఎవరి కోసం వెళ్తున్నాం? ఆఫీసు దూరమనా, అమ్మీకి మోకాళ్ళ నొప్పులనా? అలాంటి జరూరత్ ఉన్నవాళ్ళను నేనేమీ అనడం లేదు. ఇంట్లో నడిచే కారు ఉండగా, పెళ్ళిలో పార్కింగు దగ్గర తలవంపులని కొత్తది కొనేవాళ్ళ గురించి చెబుతున్నా. అది దిఖావా. దానికి ఇంకో పేరు లేదు.

ఇక జహేజ్ కారు. దాని గురించి మాట్లాడకుండా మన ఖాందాన్లలో కారు గురించి మాట్లాడటమే ఝూట్. జోడే కీ రఖమ్ సరిపోక అమ్మాయి అబ్బా మెడ మీద కారు కూడా పెడతారు. అది తీసుకున్న దూల్హే మియాకు నూనె గేజీ ఎక్కడుందో తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాదు. మామ కొన్నది, మెకానిక్ చూస్తాడు, పెట్రోలు అబ్బా పోయిస్తాడు. ఆడపిల్లల తండ్రులారా, సంబంధం మాట్లాడేటప్పుడు ఎత్తు, రంగు, జీతం, దుబాయ్ వీసా అన్నీ అడుగుతున్నారు కదా. స్టెప్నీ మార్చడం వచ్చా అని కూడా అడగండి. మొహం చూసి చాలా విషయాలు తెలుస్తాయి.

"పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కే కదా" అంటారు. వాట్సాప్ చదువు ఇది. పదేళ్ళ డీజిలు, పదిహేనేళ్ళ పెట్రోలు అన్న ఆంక్ష ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించినది. మన రెండు రాష్ట్రాల్లో బండిని తనిఖీకి చూపించి రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించుకుంటే మరో ఐదేళ్ళు నడుపుకోవచ్చు. ఖర్చు పెరిగిన మాట నిజం. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000కు ఎక్కించారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. బీదవాడి బండి మీద ఇది జుల్మ్ అని నేను అంటాను. అయినా లక్షా 86 వేల సూద్ ముందు ఇది ఎంత?

ఇప్పుడు పనిలోకి వస్తాను. ఇంట్లో చేయగలిగినవి ఏమిటి?

మొదటిది ఇంజనాయిల్. ఈ బండికి సుమారు మూడు లీటర్లు పడుతుంది. బండిని కాస్త నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కింద బోల్టు విప్పితే పాత నూనె పళ్ళెంలోకి దిగుతుంది. బోల్టుకున్న వాచరు ప్రతిసారీ కొత్తది వేయండి, పది ఇరవై రూపాయల దగ్గర కంజూసీ వద్దు. ఫిల్టరు రబ్బరుకు కొత్త నూనె పూసి చేత్తోనే బిగించండి. పానాతో పహిల్వాన్‌గిరీ చేస్తే మళ్ళీ విప్పేటప్పుడు ఏడుస్తారు. నూనె, ఫిల్టరు కలిపి అయ్యే ఖర్చు పైన చెప్పిన ఒక నెల కిస్తీలో పావు వంతు కూడా కాదు. తీసిన కాలిన నూనెను మోరీలో పోసేవాడు నా దృష్టిలో మొహల్లా దుష్మన్. డబ్బాలో పోసి షెడ్డుకు ఇవ్వండి, వాళ్ళు పాత నూనె కొనేవాళ్ళకు ఇస్తారు.

బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పూత పేరుకుంటే పొద్దున్నే బండి మొరాయిస్తుంది. కొత్త బ్యాటరీ కొనమని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ముందు మైనస్ తీగ విప్పండి, తర్వాత ప్లస్. వేడినీళ్ళలో తినే సోడా కలిపి పాత బ్రష్షుతో తోమి, ఆరాక వాజలీన్ రాసి, ముందు ప్లస్, చివర మైనస్ బిగించండి. చాలాసార్లు అదే ఇలాజ్. గాలి ఫిల్టరు అయితే క్లిప్పులు విప్పడమే, మా చిన్నది చేస్తుంది.

టైర్ల విషయంలో మనవాళ్ళు గాట్లు చూస్తారు, వయసు చూడరు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారంలో తయారైందని. తక్కువ తిరిగే పాత కారుకు గాట్లు ఉండగానే రబ్బరు ఎండి పగులుతుంది. ఈద్‌కు ఊరెళ్ళే ముందు ఒక్కసారి వంగి చదవండి. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే.

ఇంకొకటి చాలామంది పట్టించుకోవడం లేదు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కొన్ని పాత బళ్ళలో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. అంటే మన పాత కారులో పెట్రోలు పైపులు నెలకోసారి చూడాల్సిన వస్తువులయ్యాయి. పైపు ఉబ్బిందా, వంచితే పగుళ్ళు కనబడుతున్నాయా, పొద్దున బానెట్ తీయగానే పెట్రోలు వాసన వస్తోందా? వస్తే చాబీ తిప్పకండి. దీనికి చదువు అక్కర్లేదు. ముక్కు, కళ్ళు చాలు. కాని బానెట్ తీయాలి కదా!

"ఇదంతా మగవాళ్ళ పని" అనే భాయీసాబ్‌లకు ఒక సవాల్. మీ ఇంట్లో కుట్టు మిషన్ ఉందా? దాని షటిల్ విప్పి దూది తీసేది ఎవరు? నూనె చుక్కలు వేసేది, బెల్టు వదులైతే బిగించేది ఎవరు? కుక్కర్ గాస్కెట్ మార్చేది ఎవరు? అమ్మీ, ఆపా, బేగం. మన ఇళ్ళలో అసలు మెకానిక్‌లు వాళ్ళే. చప్పుడు విని "ఇది బాగాలేదు" అని చెప్పే చెవి వాళ్ళకే ఉంది. మా బండిలో బెల్టు కీచుమంటోందని నాకంటే ముందు చెప్పింది మా ఇంట్లో ఆమే. ఆ హునర్ ఉన్న మనిషిని కారు దగ్గరికి రానీయకుండా పరాఠాలు చేయమనడం ఏం ఇంసాఫ్? బేటీకి కారు నడపడం నేర్పించామని గర్వంగా చెప్పుకుంటున్నాం, బహుత్ ఖూబ్. రాత్రి తొమ్మిదింటికి రోడ్డు మీద టైరు పోతే ఆమె ఎవరికో ఫోన్ చేసి చీకట్లో ఎదురుచూడాలా? జాకీ ఎక్కడ పెట్టాలో, నట్లు చక్రం నేల మీద ఉండగానే ఎందుకు వదులు చేయాలో ఒక సాయంత్రం నేర్పితే సరిపోదా?

హునర్ పేరుతో జాన్‌తో ఆడుకునేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళను వెనకేసుకు రాను. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరేవాడిది బహాదురీ కాదు, బేవకూఫీ. జాకీ జారడానికి ఒక్క క్షణం చాలు. స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి, నేల సమంగా ఉండాలి. ఇవి లేకపోతే కింద పని షెడ్డుకే వదిలేయండి. వేడి మీద రేడియేటరు మూత తీయకండి, మొహం కాలిపోతుంది. ఇక వంటగ్యాస్ సిలిండర్ నుంచి కారు కిట్టులోకి గ్యాస్ ఎక్కించే పెద్దమనుషులు! అది ఖానూన్ ప్రకారం నేరం, ఇంట్లో పెట్టుకున్న బాంబు. గ్యాస్ డబ్బులు మిగిలాయని మురిసేవాడు తన బాల్‌బచ్చాల తలల మీద జూదం ఆడుతున్నాడు. అలాంటివాణ్ణి "హోషియార్" అని మెచ్చుకునే మొహల్లా కూడా ఆ గునాలో భాగస్వామే.

అలాగే పాత కారు పరిమితి కూడా ఒప్పుకోవాలి. దీనికి ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఎంత బాగా చూసుకున్నా హైవే మీద నూటికి నూరు తొక్కే బండి కాదు. నేను తొక్కను. నూరు మీద పోవాలనే షౌఖ్ ఉన్నవాళ్ళు నా మాట వదిలేయండి.

చివరికి మిగిలింది అందరికంటే గట్టి ఏతరాజ్. "నువ్వు చెప్పినట్టు అందరూ ఇంట్లోనే చేసుకుంటే మన మెకానిక్‌ల రోజీ ఏం కావాలి?" నిజంగా వాళ్ళ మీద ముహబ్బత్‌తో అడిగితే ఈ ప్రశ్నకు సలాం. కాని షెడ్డు పేరుతో పిల్లల్ని బెదిరించేవాళ్ళే ఇది అడుగుతుంటే నవ్వొస్తుంది. బ్రేకులు, స్టీరింగు, క్లచ్చు, టైమింగు బెల్టు, వెల్డింగు, ఇవన్నీ ఉస్తాద్ పనులే. బ్రేకు నూనె మట్టం ఇంట్లో చూసుకోవచ్చు. అది తగ్గుతూ పోతుంటే మాత్రం సీదా ఆయన దగ్గరికే. ఆయన రోజీని తింటున్నది నూనె మార్చుకునే నేనా, పాత బండిని తుక్కుకు ఇచ్చి కొత్తదాన్ని కంపెనీ సర్వీసుకు తీసుకెళ్ళే మీరా? పాత కారు బతికితేనే గల్లీ చివర షెడ్డు బతుకుతుంది, పుత్లీబౌలిలో పాత సామాను దుకాణం బతుకుతుంది, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ తిరుగుతుంది.

పని తెలిసినవాడికే పని విలువ తెలుస్తుంది. నాకు తుప్పు పట్టిన ఒక్క బోల్టుతో జుమ్మేరాత్ సాయంత్రమంతా పోయింది. అందుకే అలాంటి బోల్టు ఐదు నిమిషాల్లో విప్పిన ఉస్తాద్ కూలీ అడిగితే బేరం ఆడలేదు. సామాను బిల్లు అడగండి, పాత పార్టు చూపించమనండి, అది మీ హక్కు. కూలీ దగ్గర మాత్రం నోరు తెరవకండి. పక్కన పానాలు అందిస్తున్న ఆ షాగిర్ద్ పిల్లాడిని "అరేయ్" అని పిలవకండి. వాడికి కూడా పేరుంది, అడగండి. వాడు బడి వయసు పిల్లాడైతే పొద్దున బడికి వెళ్ళి వచ్చాడా అని ఉస్తాద్‌ను కూడా అడగండి.