పక్కన కూర్చోబెట్టినంత మాత్రాన పొత్తు కాదు

బ్లూస్ బృందాన్నీ జానపద గాయకుణ్ణీ ఒకే వేదిక ఎక్కించి, దానికి 'సంగమం' అని పేరు పెట్టడం మన నగరంలో ఒక వేడుకగా మారింది. ఆ మధ్య అటువంటి సభ ఒకటి చూసి వచ్చాను. బృందానికి గంటన్నర, కిన్నెర పట్టుకొచ్చిన పెద్దాయనకు నడుమ రెండు పాటలు. అవైనా గిటారు శ్రుతికి అమరడం లేదని, ఆయననే గొంతు దించుకొమ్మన్నారు. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను కనుక ఈ కోపంలో కొంత వాటా నాది.

మిత్రులారా, ఇందులోని విడ్డూరం గమనించండి. బ్లూస్ ప్రాణమంతా సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఊగిసలాడే ఒక స్వరంలో ఉంది. అది పియానో మెట్ల మీద దొరకదు. దాని కోసమే ఆ నల్లజాతి గాయకులు సీసా మెడను వేలికి తొడిగి తీగ మీద జార్చారు. ఎండు సొరబుర్రల మీద దండె నిలిపి, మైనంతో మెట్లు అతికించుకున్న కిన్నెర కూడా కీబోర్డు లెక్కకు లొంగేది కాదు. ఇద్దరూ ఒకే చోట కలుసుకోగలిగినవారు. కలవనివ్వనిది మధ్యనున్న కీబోర్డు!

'పోనీ, వేదికైనా దొరికింది కదా' అంటారు కొందరు. 1938లో న్యూయార్క్ కార్నెగీ హాలులో బిగ్ బిల్ బ్రూన్జీకీ వేదిక దొరికింది. చికాగోలో ఏళ్ళ తరబడి రికార్డులిస్తున్న ఆ మనిషిని పొలం నుంచి నేరుగా వచ్చిన రైతుకూలీగా సభకు పరిచయం చేశారు. 1964లో మాంచెస్టర్‌లో ఒక పాడుబడ్డ రైల్వే స్టేషనును అమెరికా దక్షిణాది స్టేషనులా అలంకరించి, కోళ్ళనూ మేకలనూ కట్టి, మడ్డీ వాటర్స్ చేత పాడించారు. ప్రేక్షకులు ఒక ప్లాట్‌ఫారం మీద, గాయకులు ఎదుటి ప్లాట్‌ఫారం మీద; నడుమ పట్టాలు. (ఆ వానలో సిస్టర్ రొజెట్టా థార్ప్ గిటారు మాత్రం ఏ అలంకరణకూ లొంగలేదు, అది వేరే మాట.)

మా లాలాగూడకు అటువంటి అలంకరణ అక్కరలేదు. నిజాం రైల్వే 1893లో పెట్టిన వర్క్‌షాపు ఇక్కడుంది. దాని కూతను బట్టి గడియారాలు దిద్దుకున్న ఇళ్ళున్నాయి. పల్లె పాటను వెంట తెచ్చుకున్న కళాసీలూ, గిటారు వాయించే ఆంగ్లో ఇండియన్లూ పక్కపక్క క్వార్టర్లలో బతికిన పేట ఇది. రైలునూ చాకిరినీ పాడుకొనే బ్లూస్‌కు ఇంతకంటే చుట్టం ఊరేది? కానీ ఆ సభలు మాత్రం ఏసీ హాళ్ళలోనే జరుగుతాయి.

పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నారని పత్రికలే రాశాయి. సంగమాలు నిర్వహించే పెద్దలను నేనడిగేది మూడే: కిన్నెర ముందు శ్రుతి చేసుకోనివ్వండి, గిటారు దానికి సర్దుకోనివ్వండి, సమయం చెరి సగం, కవరులోని రూకలు కూడా చెరి సగం. మూడోది వినగానే ఎందరు లేచి వెళ్ళిపోతారో చూడాలని ఉంది.