ఏరుడు అయిపోయిందని పురుగును మరువొద్దు



సంక్రాంతి సెలవులకు ఇండ్లకు పోతం. మన ఉట్నూరు, జైనూరు దిక్కు అప్పటికి పత్తి ఒకటి రెండుసార్లు ఏరి ఉంటరు. పత్తి ఇంటికి రాంగనే చేన్ల పురుగును చూసుడు ఆగిపోతది. ఇది తప్పని నా అభిప్రాయం. గులాబీ రంగు పురుగు బలిసేది సరిగ్గా అప్పుడే.

బీటీ పత్తి మన దేశంలోకి 2002లో వచ్చింది, బీటీ-2 రకం 2006లో. పచ్చపురుగు తగ్గింది, నిజమే. కాని గులాబీ పురుగు ఈ రెండింటికీ తట్టుకునుడు నేర్చింది. గుడ్డు పగలంగనే పిల్లపురుగు కాయలోకి దూరుతది, దూరిన రంధ్రం పూడిపోతది. కాయ బయటికి పచ్చగా, నున్నగానే కనబడుతది. కోసి చూడకుండా "మా చేన్ల పురుగు లేదు" అని ఎట్లంటరు?

చేనంతా తిరిగి 20 పచ్చికాయలు తెంపి పగలగొట్టాలి. రెండింటిలో పురుగు ఉంటే నూటికి పది అన్నట్టు. లింగాకర్షక బుట్టలు పెట్టినోళ్లకు, ఒక్కో బుట్టలో రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే అదే హెచ్చరిక. బుట్టలు లేకున్నా కాయ కోసుడుకు పైసా ఖర్చు లేదు. సగం విచ్చి ముడుచుకున్న గుడ్డిపూలు, ఏరిన పత్తిలో పసుపు మరకలు, అంటుకున్న జంట గింజలు గూడ దాని గుర్తులే.

ఏరేటప్పుడు తెలిసి ఏం లాభం అంటరు. మూడో ఏరుడు ఆశతో చేనును ఫిబ్రవరి దాకా ఉంచాల్నా, పీకాల్నా అన్నది ఈ లెక్కతోనే తేలుతది. ఉంచితే పురుగు విచ్చని కాయల్లో, గింజల్లో నిద్రపోయి వచ్చే వానాకాలం పంట మీదికి లేస్తది. విచ్చిన పత్తి మీద మందు కొట్టి మర్నాడే అమ్మను ఏర పంపుడు మాత్రం అసలే వద్దు.

కట్టె పీకి కాలబెట్టమని అధికారులు చెప్తరు. కాని మన ఇండ్లల్ల పొయ్యి మండేది ఆ పత్తికట్టెతోనే. ఏ అమ్మ కాల్చనిస్తది? కట్టె ఇంటికి తేవచ్చు గాని, తెచ్చేముందు విచ్చని ఎండుకాయలన్నీ తెంపి చేన్లనే కాల్చాలి, కట్టె వానలకు ముందే వాడెయ్యాలి. ఇది పిల్లలతో అయ్యే పని. బాపుకు చెప్పేటప్పుడు వట్టి మాట చెప్పొద్దు, కోసిన కాయ చేతిలో పెట్టండి.

వార్డెన్ సారుకు విన్నపం. బడి వెనక పత్తిచేను ఉంది. చేను ఆసామిని అడిగి ఒక ఆదివారం పదిమందిమి పోయి 20 కాయలు కోసి చూస్తం, లెక్క ఈ గోడపత్రికలోనే రాస్తం. వంటగది కత్తి ఒకటి ఇప్పిస్తే చాలు సార్.

— 9వ తరగతి విద్యార్థి