దారి తెగితే ఎవరు చెప్పాలి?

ఒక సర్వర్ని అరగంట ఆపాలంటే మనం ఎంత హడావిడి చేస్తామో మీకు తెలియనిది కాదు. వారం ముందు ఒక మెయిలు, ముందురోజు ఇంకో మెయిలు, ఆ అరగంటా పని ఆగకుండా పక్కన మరో సర్వరు, అది నిజంగా పని చేస్తుందో లేదో చూడటానికి ఒక రిహార్సలు. శనివారం అర్ధరాత్రి ఎవరూ వాడని సిస్టమ్ అయినా సరే, ఈ తతంగమంతా ఉండాల్సిందే. మరి రోజూ జనం నడిచే, సైకిలు తొక్కే దారిని మరమ్మతు కోసం మూసినప్పుడు? రెండు ప్లాస్టిక్ అడ్డాలు, ఒక బోర్డు.

సింగపూర్లో నేను ఆఫీసుకి సైకిలు మీదే వెళ్తాను. ఎక్కువ భాగం కాలువ పక్క దారే. ఒక ఉదయం ఫోనులో యాప్ తిన్నగా పొమ్మంటోంది, ఎదురుగా బోర్డు దారి లేదంటోంది. మీటింగుకి టైమవుతోంది. పక్కనున్న ఫుట్‌పాత్ ఎక్కేశాను. బస్టాపు వెనక మలుపులో, కూరగాయల బండి లాక్కుంటూ ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. బండిలోంచి ఆకుకూరల కట్టలు కింద పడ్డాయి. "సారీ ఆంటీ" అంటూ ఏరి ఇచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. మా అమ్మ వయసుంటుంది. అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు సాయంత్రాలు నడిచేది కూడా అలాంటి ఫుట్‌పాత్ మీదే.

తప్పు నాదే. ఇక్కడ ఫుట్‌పాత్ మీద గంటకి 10 కిలోమీటర్లు దాటకూడదు (2019 ఫిబ్రవరికి ముందు 15 దాకా ఉండేది). ఆ ఉదయం నేను పదిలోపే ఉన్నానని ఒట్టేసి చెప్పలేను. కానీ అక్కడితో ఊరుకుంటే రేపు ఇంకొకరు అదే మలుపులో అదే పని చేస్తారు. ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే "ఎవరు చేశారు" అనే కంటే "ఎలా చెయ్యగలిగారు" అని ముందు అడగమనే కదా మనకి నేర్పింది.

సింగపూర్ ఈ సంగతిని తేలిగ్గా తీసుకునే ఊరేమీ కాదు. 2019 సెప్టెంబరులో బెడోక్‌లో ఒక ఈ-స్కూటర్‌తో జరిగిన ప్రమాదంలో సైకిలు మీద వెళ్తున్న 65 ఏళ్ళ మహిళ చనిపోయింది. ఆ నవంబరు 5 నుంచి ఫుట్‌పాత్‌ల మీద ఈ-స్కూటర్లని నిషేధించారు. 2025 జులై 1 నుంచి, పక్కనే సైకిలు దారి ఉండి, నడిచేవాళ్ళకి మాత్రమే అని గుర్తు పెట్టిన దారుల్లోకి సైకిళ్ళు రాకూడదన్నారు. నడిచేవాళ్ళనీ తొక్కేవాళ్ళనీ విడదీయాలన్నదే ఈ నిబంధనల సారం. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కాకపోతే సైకిలు దారి తెరిచి ఉన్నన్ని రోజులే ఈ ఏర్పాటు నిలుస్తుంది. అది మూసిన రోజున సైకిలు బస్సుల మధ్యకన్నా పోవాలి, ముసలమ్మల మధ్యకన్నా రావాలి.

2020లో ఇక్కడ సైకిలు దారులు సుమారు 460 కిలోమీటర్లు. 2030 నాటికి 1300 చెయ్యాలన్నది లక్ష్యం. గొప్ప లక్ష్యమే. అయితే గ్రాఫ్ థియరీ చదువుకున్నవాళ్ళం మనం, కిలోమీటర్లు చూసి మురిసిపోకూడదు. డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన అల్గోరిదం దగ్గర్నుంచి దారి వెతికే ప్రతి ప్రోగ్రాముకీ ఊరంటే చుక్కలూ గీతలే. రెండు పేటల మధ్య ఉన్న ఒక్క గీత తెగితే, మిగతా 1299 కిలోమీటర్లూ ఆ పూట ఆ మనిషికి పనికిరావు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ తెరిస్తే నేనూ సంతోషించాను. కానీ ఇంటి నుంచి దానిదాకా మామూలు ట్రాఫిక్‌లోంచి పోవాల్సినవాడికి అది షికారు దారే గానీ ఆఫీసు దారి కాదు. పొడుగు కంటే అతుకు ముఖ్యం.

ఇంతకీ నేను కోరేది పెద్ద ఖర్చేమీ కాదు. రోడ్డు పనుల వివరాలని ఇక్కడి రవాణా సంస్థ డేటామాల్ ద్వారా ప్రోగ్రాములు చదువుకునే రూపంలో ఇస్తోంది. దారుల మూసివేతలని కూడా అలాగే, ఎక్కణ్ణించి ఎక్కడికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని ఇస్తే, యాప్ నన్ను ఇంటి దగ్గరే వేరే దారి పట్టిస్తుంది. రెండోది, ప్రత్యామ్నాయ దారి మరమ్మతులో భాగం కావాలి. మూసే ముందు ఎవరో ఒకరు ఆ చుట్టుదారిలో సైకిలు మీదొకసారి, చక్రాల కుర్చీతో ఒకసారి వెళ్ళి చూడాలి. ఇరుకు ఫుట్‌పాత్ తప్ప గత్యంతరం లేకపోతే రోడ్డులోంచి కొంత జాగా తాత్కాలికంగా తీసుకోవాలి. కార్లకి ఆలస్యమవుతుందంటారు. అవుతుంది. ఆ కాస్త ఆలస్యం కారులో కూర్చున్నవాళ్ళు భరించగలరు, ఆ పెద్దావిడ దెబ్బ భరించలేదు.

మూడోది మన పని. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దారి మూసి ఉందని ఎవరైనా గుర్తు పెట్టవచ్చు. అయిదు నిమిషాల పని. తెరిచాక మళ్ళీ సరిచెయ్యడం మాత్రం మరిచిపోకూడదు.

ఇక్కడ ఫిర్యాదులకి వన్‌సర్వీస్ యాప్ ఉంది కదా అనచ్చు. ఉంది, మంచిదే. కానీ ఫిర్యాదుల లెక్క ప్రమాదాల లెక్క కాదు. ఫోను తీసి ఫోటో కొట్టి పంపే ఓపిక, అలవాటు ఉన్నవాళ్ళే అందులో కనిపిస్తారు. ఆ ఉదయం దెబ్బ తగల్లేదు, పోలీసులు రాలేదు, ఆవిడ ఎవరికీ చెప్పి ఉండదు. నేనూ మీటింగు అందుకోవడానికి పరిగెత్తానే గానీ ఎక్కడా రాయలేదు. అంటే ఏ డేటాబేసు చూసినా ఆ మలుపు సురక్షితమే. అలా కాదని తెలిసినవాళ్ళం ఇద్దరమే, అందులో రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.