తీగ మీద దొంగ, మీటర్ మీద నిఘా

విద్యుత్ చౌర్యాన్ని ఇక కంప్యూటరే పట్టేస్తుందట. స్మార్ట్ మీటర్ అరగంటకోసారి పంపే రీడింగులను సిగ్నల్ ప్రాసెసింగ్‌తో జల్లెడ పట్టి, దొంగ సర్వీసు నంబరు చేతిలో పెడతామని అమ్మకందారులు చెబుతుంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, తలూపుతున్నాయి. ఈ హడావిడిలో మనమే సాధించిన ఒక అంకె ఎవరికీ గుర్తు రావడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో సుమారు 38 శాతం ఉన్న సరఫరా, పంపిణీ నష్టాలు 2003 నాటికి 26 శాతానికి దిగాయి. అప్పుడు స్మార్ట్ మీటరూ లేదు, అల్గారిథమూ లేదు. 2000 జూలైలో కఠిన శిక్షలతో చట్టం తెచ్చి ప్రత్యేక కోర్టులు పెట్టారు. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఫీడర్ లైన్లకు, పెద్ద పరిశ్రమలకు మంచి మీటర్లు బిగించారు. అనధికార కనెక్షన్లను క్రమబద్ధీకరించారు. వెళ్లిన కరెంటెంత, బిల్లయినదెంత అని లెక్క చూశారు.

సిగ్నల్ ప్రాసెసింగ్ పనికిరాదని కాదు. ఫేజ్ కరెంటుకూ న్యూట్రల్ కరెంటుకూ పొంతన కుదరకపోతే ఎర్త్ చేసి వాడుకుంటున్నారన్న అనుమానాన్ని అది ఇట్టే బయటపెడుతుంది. కానీ స్తంభం మీది తీగకు నేరుగా కొక్కెం తగిలించినవాడి కరెంటు మీటర్ గడపే తొక్కదు. రాని కరెంటును ఏ గణితం విడదీస్తుంది? ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటర్ పెట్టి, దాని కింది ఇళ్ల యూనిట్లన్నీ కూడి తీసేస్తేనే తేడా తేలుతుంది. పక్క ఇళ్లలో వోల్టేజీ తగ్గుదలను బట్టి కొక్కేన్ని పసిగట్టవచ్చంటారు ఇంజినీర్లు, నిజమే. అందుకూ ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఏ ఫేజ్ మీద ఉందో రికార్డు సరిగ్గా ఉండాలి. అంటే మళ్లీ 38ని 26కు దించిన ఆ పాత చాకిరీయే.

పరిశోధనా పత్రాలు చూపి నోరు మూయించేవారు వాటిలోని డేటా ఎక్కడిదో చెప్పరు. చాలా పత్రాలకు ఆధారం చైనా స్టేట్ గ్రిడ్‌కు చెందిన 42,372 మంది వినియోగదారుల రీడింగులు. వారిలో దొంగలు 3,615 మంది, వందకు ఎనిమిది మందికి పైనే. ఐర్లండ్ డేటాపై చేసిన పనుల్లోనైతే చౌర్యాన్నే కంప్యూటర్లో కల్పించారు. మన దగ్గర వందకు ఇద్దరే దొంగలనుకుందాం. దొంగల్లో 95 శాతం మందిని పట్టి, నిజాయితీపరుల్లో 5 శాతం దగ్గరే పొరబడే సాఫ్ట్‌వేర్‌ను లక్ష ఇళ్ల మీద వదిలితే 1,900 మంది దొంగల పక్కన 4,900 మంది అమాయకులూ జాబితాకెక్కుతారు. తాళం వేసి వలస వెళ్లిన పాలమూరు కూలీ ఇంట్లోనూ వాడకం పడిపోతుంది మరి! జాబితా తనిఖీకే గానీ కేసుకు కాదంటారు. విజిలెన్స్ సిబ్బంది వచ్చి గోడ మీది మీటర్ విప్పుతుంటే చూసే ఇరుగుపొరుగుకు ఆ తేడా తెలుస్తుందా?

38 నుంచి 26కు దిగడం పాత కథ, ఇప్పుడు మిగిలింది మొండి నష్టమన్నది ఇంకో వాదన. మొండిదైతే ఎక్కడుందో ముందు చూపించాలి. వ్యవసాయ మోటార్ల వాడకాన్ని అంచనాలతో నింపి, ఆ అంచనా చాటున ఎంత నష్టం దాగినా అడగనివారు ఇళ్ల మీటర్లలో దొంగలను వెతకడం తెలివి కాదు, తప్పించుకోవడం. ప్రతి ఫీడర్, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ నష్టాన్ని నెలనెలా జనం ముందు పెట్టండి. అది చేయని డిస్కం కొనే ఏ సాఫ్ట్‌వేర్ ఖర్చునూ విద్యుత్ నియంత్రణ మండలి చార్జీల్లో కలపనివ్వకూడదు.