పరువు పోయింది వెళ్లినప్పుడే

2025 మే 10న పాకిస్తాన్‌తో కాల్పులు ఆగాక హైదరాబాద్ బోరబండలో ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా ఒకటే మాట: "మధ్యల ఆపితే ఇజ్జత్ ఏముంటది?" పొద్దున్నే ఇక్కడి నుంచి షూటింగులకు బయల్దేరే లైట్‌మెన్, సెట్టు పనివాళ్లు చాలామంది. యుద్ధం సినిమా కోసం చెక్క తుపాకీకి నల్లరంగు పూసే మనిషి కూడా అదే అంటాడు. ఆయన్ని తప్పుపట్టను. టీవీ చర్చల్లో పెద్దలు చెప్పేదీ అదే. పైగా శ్రీలంకను సాక్ష్యానికి తెస్తారు: గెలవకుండా వచ్చేశాం, పరువు పోగొట్టుకున్నాం అని. ఇది తలకిందుల వాదన.

1987 జూలై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. శాంతి కాపాడటానికి వెళ్లిన మన సైన్యం అక్టోబరుకల్లా తమిళ పులులతో, అంటే ఎల్‌టీటీఈతో, యుద్ధంలో దిగింది. ఒక రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది. మర్నాటికి 29 మంది చనిపోయారు, ఒక్కడు బందీగా చిక్కాడు. అన్నీ కలిపి దాదాపు 1,200 మందిని పోగొట్టుకున్నాం. మధ్యవర్తిగా వెళ్లి ఒక పక్షంతో కలియబడ్డాం. తమిళులూ నమ్మలేదు, సింహళీయులూ నమ్మలేదు. పరువు పోయింది అక్కడ.

1989 జూన్‌లో శ్రీలంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస పొమ్మన్నాడు, జూలై ఆఖరుకు గడువు పెట్టాడు. అప్పుడు విదేశాంగ మంత్రి పీవీ నరసింహారావు. ఢిల్లీ ఆ గడువుకు తలొగ్గలేదు, అలాగని మొండికేయనూ లేదు. మాటలు నడిచి సెప్టెంబరు 18న ఒప్పందం కుదిరింది. తర్వాత వచ్చిన, ఎన్టీఆర్ చైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ కూటమి ప్రభుత్వం మిగతా పని పూర్తి చేసింది. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ వదిలింది. తెర మీద రాముడూ రావణుడూ తానే అయిన మనిషి కూటమే లంక నుంచి సైన్యాన్ని రప్పించింది. ఇంత కథ మన ఫిల్మ్‌నగర్ రచయితల కంట ఎందుకు పడలేదో!

వచ్చేశాం కాబట్టే పులులు రాజీవ్‌ను చంపగలిగారని ఇంకో మాట. 1991 మే 21న విశాఖలో ప్రచారం ముగించుకునే ఆయన శ్రీపెరంబుదూరు వెళ్లారు. ఎన్నికల్లో గెలిస్తే సైన్యాన్ని మళ్లీ పంపుతారని పులులు భయపడ్డారన్నది ఆ కేసులో ముందుకొచ్చిన కారణం. అంటే ప్రాణం తీసింది వెనక్కి రావడం కాదు, మళ్లీ వెళ్తామేమోనన్న అనుమానం.

మనం వచ్చాక అక్కడ యుద్ధం ఆగలేదు, నిజమే. 2009 దాకా తమిళులు చచ్చిపోతూనే ఉన్నారు. మనం ఉండి ఉంటే ఆగేదా? రెండున్నరేళ్లు ఉన్నాం, ఆగిందా? ఆ కాలం నుంచి ఇవాళ్టికీ పనికొస్తున్నది 1987 ఒప్పందం వల్ల వచ్చిన శ్రీలంక రాజ్యాంగ 13వ సవరణే. తమిళుల హక్కుల గురించి కొలంబోతో మాట్లాడినప్పుడల్లా ఢిల్లీ చూపించేది దాన్నే.

పరువు సంగతి సినిమా లెక్కల్లో చూడండి. రషెస్ చూసి, లాభం లేదని సినిమా ఆపేసి, బాకీలు తీర్చిన నిర్మాతకు ఫైనాన్షియర్ మళ్లీ అప్పిస్తాడు. పంతానికి పోయి వడ్డీల మీద లాగినవాడి ఆఫీసుకు తాళం పడుతుంది. ఇది ఫిల్మ్‌నగర్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

శ్రీలంకతోనూ అంతే. మనల్ని పొమ్మన్న దేశమే కొలంబో శివార్లలో మన జవాన్లకు స్మారకం కట్టింది. 2022లో డీజిలుకూ మందులకూ డబ్బుల్లేక దివాలా తీసినప్పుడు అదే దేశం ఢిల్లీని అడిగింది. దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం అందుకుంది.